నారాయణమ్మ నోట్లో నిప్పు

సముద్రపు గాలికి ఆరని నిప్పు కొత్తగెడ్డపేటలో ఒక్కటే ఉండేది. అది నారాయణమ్మ నోట్లో ఉండేది.

ఉద్దానం కొబ్బరితోటలు దాటి, జీడిమామిడి నీడలు దాటి, ఇసుక మొదలైన చోట ఆ ఊరు మొదలవుతుంది. అక్కడి గాలి పొద్దున లేచింది మొదలు ఒకటే పని మీద ఉంటుంది, వెలిగినదాన్నల్లా ఆర్పడం. అందుకని ఆ తీరపు ఆడవాళ్లు ఏ కాలంలోనో ఒక ఉపాయం కనిపెట్టారు. చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోటి లోపలికి పెట్టుకుని పెదవులు మూసేస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. ఆ తర్వాత వాన రానీ, అల మీద పడనీ, నెత్తిమీది చేపల గంప నీళ్లు కార్చనీ, లోపలి నిప్పుకి ఆ సంగతి తెలియదు.

నారాయణమ్మకి ఆ విద్య తల్లి దగ్గర అబ్బింది. తవిటయ్యని పెళ్లాడి వచ్చేనాటికే చుట్ట తియ్యకుండా మాట్లాడటం వచ్చు, బేరమాడటం వచ్చు, తియ్యకుండా ఏడవడం కూడా వచ్చు. ఆమె మాట్లాడుతుంటే బుగ్గ వెనక ఎర్రటి వెలుగు అటూ ఇటూ కదిలేది, ఇంట్లో ఎవరో చిన్న లాంతరు పట్టుకుని ఏదో వెతుక్కుంటున్నట్టు. తిత్లీ తుఫాను ఇంటి కప్పునీ పెరటి కొబ్బరిచెట్లనీ పట్టుకుపోయిన రోజు ఆమె బడి అరుగు మీద కూర్చుని అడ్డపొగ పీలుస్తూనే ఉందని, ఆ తుఫానుకి ఊళ్లో ఆరనిది అదొక్కటేనని తవిటయ్య ఇప్పటికీ చెప్తాడు. కొంచెం గర్వంగానే చెప్తాడు.

నిప్పు ఉన్న ఆ నోట్లోనే తిట్టూ ఉండేది. పడవలు ఒడ్డుకి చేరి చేపలు ఇసుక మీద కుమ్మరించినప్పుడు వాటాలు పంచేది నారాయణమ్మే. ఆ పని ఆమెకి ఎవరూ అప్పగించలేదు. ఆమె తిడితే మనుషులు పక్కకి తప్పుకునేవారు, తప్పుకున్న చోట ఆమె నిలబడింది, అంతే. ఆ తిట్టులో బూతు ఉండదు, పోలిక ఉంటుంది. కుప్పలోంచి ఒక వంజరాన్ని ఎవడైనా చాటుగా లాగితే వాడి నడక గురించో ముక్కు గురించో ఒక్క మాట అనేది. ఆ మాట వాడికి పేరైపోయి, పిల్లల బడి దాకా వెంట వెళ్లేది.

ఆమె పై పళ్లు కదలడం మొదలైనప్పుడు పట్టించుకోలేదు. కొబ్బరిమట్టలు రాలినట్టు ఒకటొకటే రాలాయి. ఆఖరిది ఎండుచేప కొరుకుతుంటే ఊడింది. దాన్ని ఇసుకలో పాతేసి, మిగతా చేప దవడలతో నమిలి తినేసింది. కింది పళ్లు మాత్రం నల్లబడి, గట్టిగా, ఎదురు మాట్లాడేవాళ్లు లేని పెద్దమనుషుల్లా అలాగే కూర్చున్నాయి.

చుట్టకి పళ్లతో పని లేదు, పెదవులు చాలు. తిట్టుకి పళ్లు కావాలని ఆమెకి తెలిసింది హరిబాబు వల్ల.

హరిబాబు పలాస నుంచి వ్యానేసుకుని ఎండుచేపలు కొనడానికి వచ్చే వ్యాపారి. నారాయణమ్మని అత్తా అని పిలుస్తాడు. కాటాకి బస్తా వేలాడదీసి, ముల్లు కేసి చూస్తున్నట్టే చూస్తూ, కింద నుంచి మోకాలు ఆనించడం అతని అలవాటు. బస్తా బరువులో కొంత కాటా మోస్తుంది, కొంత హరిబాబు మోకాలు మోస్తుంది. ఏళ్ల తరబడి నారాయణమ్మ తిట్టేది, అతను మోకాలు తీసేవాడు. అదొక మర్యాదలా జరిగిపోయేది. ఆ రోజూ తిట్టింది. పళ్లు లేని నోట్లోంచి వచ్చిన ఆ తిట్టు సగం గాలైపోయి, దారిలోనే నానిపోయి, అతని చెప్పుల దగ్గర పడింది.

హరిబాబు మోకాలు తియ్యలేదు.

"అత్తా, నీ తిట్టు ఇడ్లీ అయిపోనాది," అన్నాడు. "కొంచెం సెట్నీ కూడా ఎయ్యి."

ఒడ్డు మీద అందరూ నవ్వారు. ముందుగా నవ్వింది పెద్దతల్లి. ఆమె వరసకి నారాయణమ్మకి వదిన, వయసులో రెండాకులు ఎక్కువ, అడ్డపొగలో జోడీ. ఊళ్లోని కుర్ర ఆడవాళ్లందరూ చుట్టలు మానేసి టీవీలు పట్టుకున్నాక ఆ తీరాన నిప్పు మింగే ఆడవాళ్లు వాళ్లిద్దరే మిగిలారు. ముందు ఎవరి నిప్పు ఆరుతుందో చూద్దామన్నట్టు ఒకరి పెదవుల కేసి ఒకరు చూసుకుంటూ బతుకుతున్నారు. పెద్దతల్లిని ఊరంతా పొదుపరి అంటారు. ఆమె చుట్ట పొద్దున్న ఎంత పొడవుంటుందో సాయంత్రానికీ అంతే ఉంటుంది.

ఆ సాయంత్రం నారాయణమ్మ అన్నం తినలేదు. సముద్రం కేసి తిరిగి కూర్చుని, మొగుడితో ఒకే మాట అంది.

"నాకు పల్లు కావాల."

ఖర్చు సంగతి వీరావల్ బోట్ల మీద పనిచేసే కొడుకు కామేశ్ చూసుకుంటానన్నాడు. అమ్మ ఫోన్లో తిట్టినా తిట్టినట్టు ఉండటం లేదని వాడికీ బెంగగానే ఉంది.

కాశీబుగ్గ రోడ్డు మీద మెట్లెక్కితే మౌనిక డాక్టరుగారి పళ్ల ఆస్పత్రి. టెక్కలి మిషన్ చర్చి వాళ్ల అమ్మాయి. సన్నగా, చామనఛాయగా, నవ్వితే తన వృత్తికి తనే బోర్డులా ఉంటుంది. లోపలి గదిలో పళ్లు తయారుచేసే ఎడ్విన్ ఉంటాడు. ఆ అబ్బాయి ఎవరితో మాట్లాడినా కళ్లలోకి చూడడు, నోటి కేసే చూస్తాడు.

డాక్టరు ముందు, తీసి పెట్టుకునే పళ్ల సెట్టు చూపించింది. నారాయణమ్మ దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. మందసలో వాళ్ల పినమావకి అలాంటివే ఉండేవని, ఒక పెళ్లిలో తుమ్మితే అవి వెళ్లి పప్పు గుండిగలో పడ్డాయని, ఎవరికి వడ్డించారో ఇప్పటికీ తేలలేదని చెప్పింది. ఆమెకి ఊడని పళ్లు కావాలి. ఎంత కోపమొచ్చినా మనిషి ముందు తను నిలబడాలి గాని తన పళ్లు వెళ్లి నిలబడకూడదు.

అప్పుడు డాక్టరు రెండో దారి చెప్పింది. పై దవడ ఎముకలోకి చిన్న చిన్న మరలు దించుతారు. ఎముక వాటిని పట్టుకుంటుంది. వాటి మీద ఒకే వరసగా చేసిన పళ్ల వంపుని బిగిస్తారు. మొదట ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసినవి, తాత్కాలికం. నెలలు గడిచి ఎముక గట్టిపడ్డాక అవి తీసేసి అసలైనవి.

"పడవకి పలకలు బిగించినట్టన్న మాట," అన్నాడు తవిటయ్య.

అదే తాతా, అంది డాక్టరు. తవిటయ్యకి ఆ క్షణం నుంచి ఆ పిల్ల మీద గురి కుదిరింది.

రక్తపరీక్షలు రాసింది. ఉద్దానం మనిషి అనగానే కిడ్నీ పరీక్ష కాగితం ఎవరూ అడగకుండానే సంచిలోంచి తీస్తారు, తవిటయ్యా తీశాడు. అది బాగానే ఉంది. తర్వాత డాక్టరు దీపం వేసి నారాయణమ్మ నోట్లోకి చూసింది. అంగిలి అంతా తెల్లటి పొరలు, మధ్యలో ఎర్రటి చుక్కలు, ఏళ్ల తరబడి పొయ్యి పెట్టిన గోడలా ఉంది. అక్కణ్నించి ఇంత ముక్క తీసి పరీక్షకి పంపింది. ఆ జవాబు వచ్చేదాకా నారాయణమ్మ ఎవర్నీ తిట్టలేదు. వచ్చింది, భయం లేదంది. కాని ఈ నిప్పు ఇలాగే ఉంటే రేపు ఉండదని చెప్పలేనని, చుట్ట కాలుస్తున్న నోట్లో మరలు నిలవవని, ఒక్క మర కదిలినా వరసంతా కదులుతుందని డాక్టరు మెల్లగా, విసుగు లేకుండా రెండుసార్లు చెప్పింది.

గంగమ్మ తల్లి తోడు, మానేత్తాను, అంది నారాయణమ్మ.

మానేసింది కూడా. మందసలో కూతురు మోహిని ఇంట్లో ఉండి, మరలు వేసేదాకా, వేశాక గాయం మానేదాకా చుట్ట ముట్టలేదు. అంత సులువుగా ఎలా జరిగిందో ఆమెకే అర్థం కాలేదు. మందసలో సముద్రం లేదు, గాలి ఇంటి చుట్టూ తిరుగుతుందే తప్ప మనిషితో పోట్లాడదు, పెద్దతల్లి లేదు. నోరు ఖాళీగా ఉన్నా చూసేవాళ్లు లేరు.

తాత్కాలికపు పళ్లకి రంగు ఎంచే రోజు వచ్చింది. ఎడ్విన్ ఒక పళ్లేనికి గుచ్చిన రకరకాల పళ్లు తెచ్చి పెదవి దగ్గర పెట్టి చూశాడు. నారాయణమ్మ అన్నిటికన్నా నల్లటిది చూపించింది, కింది వాటికి జతగా ఉంటుందని. తవిటయ్య అన్నిటికన్నా తెల్లటిది చూపించాడు. ఎడ్విన్ మధ్యలో ఒకటి తీశాడు. పలాసలో పుట్టినవాడు కాబట్టి అతనికి ఒకటే పోలిక తెలుసు.

"వేయించని జీడిపప్పు రంగు, మామ్మా. మరీ మొదటి రకం కాదు. మొదటి రకం పెడితే దొంగపళ్లని తెలిసిపోద్ది."

ఆ పళ్లతో ఆమె కొత్తగెడ్డపేటలో బస్సు దిగింది. గంజీ, మెత్తటి అన్నం, ఉడికిన చేప తప్ప ఏదీ తినొద్దన్నారు, గట్టిగా కొరకొద్దన్నారు. తిట్టొద్దని మాత్రం ఎవరూ అనలేదు. కాని ఆమే దాచుకుంది. అసలు పళ్లు వచ్చాకే తిట్టాలని, అప్పటిదాకా హరిబాబు వచ్చే రోజున ఒడ్డుకి పోకూడదని అనుకుంది.

మొదటి రోజునే పెద్దతల్లి ఎదురైంది. కొత్త పళ్లని అటునుంచీ ఇటునుంచీ చూసింది. ఆ తర్వాత చూపు పెదవుల మధ్య ఆగింది. అక్కడ చుట్ట లేదు.

"పల్లొచ్చినాయి గాని నిప్పు పోనాదేటి, నారాయణా?" అంది, తన చుట్ట కదపకుండా. "పోన్లే. అందరికీ ఓపికుంటాదేటి."

ఆ మాట నారాయణమ్మ చెవిలో ఇసుకరేణువులా పడింది. ఎంత దులిపినా పోలేదు. మూడో నాలుగో రోజున పడవలు ఆలస్యమయ్యాయి. ఆడవాళ్లందరూ గంపలు బోర్లించుకుని ఇసుక మీద కూర్చున్నారు. ఆకాశం గొనక చేప కడుపులా లేత ఎరుపుకి తిరిగింది. గాలి మొదలైంది. నారాయణమ్మ చెయ్యి, ఆమెని అడక్కుండానే, కొంగు ముడి విప్పింది. చుట్ట ముట్టించింది. నిప్పు కొస లోపలికి వెళ్లిపోయింది. ఆహా, అనుకుంది ఆమె ఒళ్లంతా. దీపం పెట్టాక ఇల్లు ఇల్లుగా కనపడినట్టు అనిపించింది. పెద్దతల్లి కేసి ఓరగా చూసింది.

కొద్దిసేపటికి వాసన వచ్చింది. నైలాను వల కాలుతున్న వాసన.

పాత వలలు కాల్చడం ఒడ్డు మీద తప్పు. ఒకసారి అలా కాలిస్తే రవ్వ ఎగిరి కొత్త వల అంటుకుంది. నారాయణమ్మ లేచి నిలబడింది. దాచుకున్న తిట్లన్నీ ఒక్కసారి లేచాయి.

"ఎవుడ్రా అది, వల కాలుత్తన్నాడు? మీ తాతలు కట్టిన వలల్రా అవి. మీకు అల్లడం రాదు, కాల్సడం ఒచ్చిందేటి?"

కుర్రాళ్లు బిత్తరపోయి పడవల చాటుకి పోయి వెతికారు. మంట లేదు. ఆడవాళ్లు గంపలెత్తి చూశారు, లేదు. నారాయణమ్మ తీరం వెంట ఈ కొసకి నడిచింది, వాసన ఆమెతో వచ్చింది. ఆ కొసకి నడిచింది, అక్కడికీ వచ్చింది. ఊరంతా కలిసి తనకి తెలియకుండా ఏదో కాలుస్తోందని ఆమెకి అనుమానం వచ్చి, తిట్టు ఇంకో మెట్టు ఎక్కించింది. అప్పుడు తవిటయ్య దగ్గరికొచ్చి, ఆమె ముఖం దగ్గర ముక్కు పెట్టి, ఒకసారి పీల్చాడు.

"ఒలే, ఊరిని ఒగ్గీ. కాలేది నీ నోరే," అన్నాడు.

మర్నాడు కాశీబుగ్గలో డాక్టరు ఏమీ అడక్కముందే నారాయణమ్మ చెప్పేసింది, పీతల పులుసు వేడిగా తాగేశానని. ఎడ్విన్ పళ్లని పట్టి ఉంచే చిన్న మరలు విప్పి పళ్ల వంపుని కిందికి దించి వెలుగులో పట్టుకున్నాడు. బయటి వైపు జీడిపప్పు రంగు జీడిపప్పు రంగులాగే ఉంది. లోపలి వైపు, అంగిలికి ఆనే చోట, బఠానీ గింజంత గుంట. దాని అంచులు కరిగి, నల్లగా ముడుచుకుని, ఎవరో రహస్యం చెప్పి చల్లారిపోయిన చోటులా ఉంది.

"పులుసుకి పళ్లు కరగవు మామ్మా," అంది డాక్టరు.

"మా పులుసు మీకు తెల్దు."

డాక్టరు నవ్వు ఆపుకుంది, కాని మాట మార్చలేదు. ఎముకలోని మరలు ఇప్పటికి బాగానే ఉన్నాయి. అసలు పళ్లు ఈ గుంట పడే రకం కావు, నిప్పు పెట్టినా కరగవు. "అదే నా భయం," అంది. "అవి చెప్పవు. ఇవి కాబట్టి చెప్పాయి." అంగిలి ఎర్రదనం పోయి గులాబీ రంగుకి వచ్చేదాకా అసలు వరస బిగించను, ఎన్నాళ్లైనా సరే, అంది. ఎడ్విన్ గుంటని పూడ్చి పాతదాన్నే మళ్లీ బిగించాడు.

బస్సులో తిరిగొస్తూ నారాయణమ్మ కిటికీలోంచి తోటల కేసి చూస్తూ కూర్చుంది. చుట్ట ఉంటే పళ్లు రావు. పళ్లు రాకపోతే తిట్టు రాదు, తిట్టు లేకపోతే వాటా కుప్పల దగ్గర నిలబడటానికి తనకి ఏ హక్కూ లేదు, హరిబాబు మోకాలు ఊరంతటి బస్తాల కిందా ఉండిపోతుంది. చుట్ట మానేస్తే పెద్దతల్లి. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆలోచన ఆగిపోయేది, రేవులో పడవ ఇసుక తిన్నెకి తగిలినట్టు.

ఒక మధ్యేమార్గం తోచింది. పట్నం వాళ్లలా నిప్పు కొస బయటికి పెట్టి కాలిస్తే పళ్లకి తగలదు కదా. పడవ చాటుకి వెళ్లి ప్రయత్నించింది. గాలి మొదటి పుల్లనీ రెండో పుల్లనీ ఆర్పేసింది. మూడోసారి అంటుకుంది గాని రవ్వ ఎగిరి కొంగు మీద పడింది. దులుపుకుంటూ ఉండగా తవిటయ్య చూశాడు. నోట్లో చుట్ట బయటికి పొడుచుకుని, కళ్లలో నీళ్లతో, చెయ్యి నడుం మీద పెట్టుకుని ఉంది ఆమె.

"సోంపేట స్టేషన్లో పాత కానిస్టేబులు ఇలాగే ఉండేవోడు," అన్నాడు మెచ్చుకోలుగా.

ఆమె చుట్టని సముద్రంలోకి విసిరేసింది. మగవాడిలా కాల్చడం కన్నా మానేయడం నయం.

మానుకోవడం మందసలో ఒకలా ఉంది, ఒడ్డున ఇంకోలా ఉంది. యాలకులు నమిలింది. బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంది. ఏది పెట్టుకున్నా నోరు ఎవరో ఖాళీ చేసి వెళ్లిన అద్దె ఇల్లులా ఉండేది. పొగాకు మీద బెంగ కొద్దిరోజులకి పలచబడింది. పెదవుల మీద బెంగ మాత్రం పోలేదు. వాటి మధ్య ఏమీ లేకుండా ఆమె ఎప్పుడూ ఒడ్డుకి వెళ్లలేదు. బొట్టు లేకుండా వెళ్లినా అంత సిగ్గు పడేది కాదు.

ఒక పొద్దున్న కొంగు ముడిలో మిగిలిన ఆఖరి చుట్టని తీసి చూస్తూ కూర్చుంది. చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి ఆమె ముఖం విచ్చుకుంది. నిప్పు ఉండేది లోపల. బయట కనపడేది చల్లటి కొసే. లోపల నిప్పు ఉందో లేదో ఎవడు నోరు తెరిచి చూస్తాడు? పొగ అంటారా, ఆ గాలిలో పొగని పొగలా ఎవరు చూశారు?

చుట్ట ముట్టించకుండా నోట్లో పెట్టుకుని ఒడ్డుకి వెళ్లింది. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దతల్లి ఆమె పెదవుల కేసి ఒకసారి చూసి తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవడంలో కొంచెం ఓటమి ఉందని నారాయణమ్మకి తోచి ప్రాణం హాయిగా ఉంది. ఎందుకైనా మంచిదని అప్పుడప్పుడు పెదవి కొసనుంచి ఉఫ్ అని ఊదేది.

రోజులు అలా గడిచాయి. ఆ చుట్ట ఎంతకీ తరగలేదు. తవిటయ్యకి ఒక్కడికే తెలుసు. అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని ఆమె కళ్లతో చెప్పిన తీరు అతనికి పెళ్లయిన కొత్తల్ని గుర్తు తెచ్చింది.

వర్షాలు వెళ్లాక కాశీబుగ్గలో డాక్టరు దీపం వేసి చూసింది. అంగిలి లేత గులాబీ రంగులో, కడిగిన శంఖం లోపలి వైపులా ఉంది. మరలు ఒక్కొక్కటీ తట్టి చూసింది. గట్టిగా ఉన్నాయి. ఎడ్విన్ లోపల్నించి అసలు వరస తెచ్చాడు, అరచేతిలో పెట్టుకుని, గూట్లోంచి పడిన పిట్టపిల్లని తెస్తున్నట్టు.

ముందు బిగించకుండా ఊరికే కూర్చోబెట్టి చూశారు. ఎటువైపూ ఎగరలేదు, ఊగలేదు. అప్పుడు చిన్న రెంచీ తీసింది డాక్టరు. అనుకున్నంత బిగువు రాగానే టక్కుమని దానంతట అదే ఆగిపోయే రెంచీ. ఒక మర ఇటు, ఒక మర అటు, మళ్లీ ఇటు. తవిటయ్య స్టూలు మీద ముందుకి వంగి తల ఊపుతున్నాడు.

"వ్యాను సక్రానికీ అంతే. వరసగా బిగిస్తే వంకర పోద్ది."

మరల తలల మీద చిన్న గుంటల్లో ఎడ్విన్ తెల్లటి పలచటి టేపు మడిచి కుక్కాడు, రేపెప్పుడైనా విప్పాల్సి వస్తే మర తల పాడవకుండా. తవిటయ్య కళ్లు చిన్నవయ్యాయి. ఇది కుళాయి గొట్టాలకి చుట్టేది కాదేటి బాబూ అని అడిగాడు. అదే తాతా, అన్నాడు ఎడ్విన్, మొదటిసారి మనిషి కళ్లలోకి చూస్తూ. టేపు మీద పంటి రంగు మందు నింపి దీపం చూపించి గట్టిపరిచారు. నీలం కాగితం కొరికించి, మచ్చ ఎక్కువ పడిన చోట కాస్త అరగదీశారు. మళ్లీ కొరికించారు.

"ఇప్పుడు మాట్లాడు మామ్మా. ఎక్కడైనా గాలి పోతోందా, పెదవి తగుల్తోందా చూడాలి. ఏదైనా పెద్ద మాట, గట్టిగా."

నారాయణమ్మ కుర్చీలో సర్దుకుంది. కళ్లు మూసుకుంది. కాశీబుగ్గ రోడ్డు, ఆటోలు, కింద టిఫిన్ కొట్టు, అన్నీ వెనక్కి పోయాయి. ఎదురుగా ఇసుక, కాటా, దాని కింద ఒక మోకాలు.

"ఒరే హరిబాబూ. నీ కాటా కింద మోకాలు సెక్కయిపోను. నీ యాను సక్రాలు నాలుగూ నాలుగూళ్లల్లో సంబంధాలు సూసుకుని ఎలిపోను. ఎండుసేపని మోసం సేసినోడా, అది సచ్చి ఎండింది, నువ్వు బతికుండగానే ఎండుతావురా. నీ బస్తా కేసి సూసి, నీ మొకం కేసి సూసి, పిల్లి కూడా ఒద్దని ఎలిపోద్ది సూడు."

బయట వేచి ఉన్న రోగుల్లో మాటలు ఆగిపోయాయి. ఎవరో ఒకాయన, తన వంతు రేపటికి మార్చమని అడగడం వినిపించింది. డాక్టరు ఎడ్విన్ కేసి చూసింది. ఎడ్విన్ నోటి కేసి చూస్తున్నాడు.

"'స' బాగా పలికింది," అన్నాడు. "గాలి ఎక్కడా పోలేదు."

హరిబాబు వ్యాను వచ్చే రోజున నారాయణమ్మ అందరికన్నా ముందు ఒడ్డున ఉంది. నోట్లో చుట్ట ఉంది, చల్లటి కొస బయటికి. హరిబాబు కాటా వేలాడదీశాడు, బస్తా తగిలించాడు, సముద్రం కేసి చూస్తూ మోకాలు ముందుకి జరిపాడు. నారాయణమ్మ ఆస్పత్రిలో చెప్పినదంతా చెప్పలేదు. "ఒరే" అని మాత్రం అని, పై పళ్లూ కింది పళ్లూ ఒకదాని మీద ఒకటి ఆనించి, ఆగింది. ఆ ఆగడంలో మిగతాదంతా వినిపించింది. హరిబాబు మోకాలు దానంతట అదే వెనక్కి వెళ్లింది. కాటా ముల్లు కిందికి దిగింది.

"అత్తా, బాగున్నావా," అన్నాడు, ఏ చట్నీ ఊసూ ఎత్తకుండా.

ఒడ్డంతా నవ్వింది. పెద్దతల్లి కూడా నవ్వింది, ఈసారి ఆఖర్న.

అంతలో పడవ వచ్చింది. గంపలు అందుకోవడానికి ఆడవాళ్లు నీళ్లలోకి దిగారు. నారాయణమ్మా పెద్దతల్లీ ఒకే గంపని చెరో వైపు పట్టుకున్నారు, ఎప్పటిలాగే, చెరో మాటా విసురుకుంటూ. వెనక నుంచి ఒక అల వచ్చింది. పెద్దదేం కాదు, ఆకతాయిది. గంపనీ ఇద్దర్నీ కలిపి ఇసుక మీద బోర్లించి వెనక్కి పోయింది.

ఇద్దరూ లేచి కూర్చున్నారు. వెండి రంగు కవళ్ల చేపలు చుట్టూ ఎగిరెగిరి పడుతున్నాయి. నారాయణమ్మ ముందు పళ్లు తడుముకుంది. ఒక్కటీ కదల్లేదు. ఆ తర్వాత పెదవులు తడుముకుంది. చుట్ట లేదు. పెద్దతల్లి నోట్లోనూ లేదు. రెండు చుట్టలూ వాళ్ల మధ్య తడి ఇసుక మీద పక్కపక్కన పడి ఉన్నాయి. ఒకదాని కొసనా నలుపు లేదు. రెండోదాని కొసనా లేదు. రెండూ కొట్లోంచి కొన్నప్పటి లేత గోధుమ రంగులో, ఎన్నడూ నిప్పు చూడని పసిపిల్లల్లా పడుకుని ఉన్నాయి.

నారాయణమ్మ పెద్దతల్లి కేసి చూసింది. పొదుపరి. పొద్దున్న ఎంత ఉందో సాయంత్రానికీ అంతే ఉండే చుట్ట.

"ఎప్పట్నించి, ఒదినా?"

పెద్దతల్లి ముఖం మీద ఉప్పునీళ్లు తుడుచుకుంది. "మందస కేంపులో డాకటర్లు నోరు సూసినారు కదా, అప్పట్నించి. రెండేళ్లయిపోనాది," అంది. కొంగు పిండుకుంటూ, "నువ్వు మానీలేదు కదాని నేను దీన్ని నోట్లోంచి ఒగ్గలేకపోనాను," అంది.

అవతల ఆడవాళ్లు గంపలు నింపుకుంటూ ఇటు వస్తున్నారు. ఇద్దరి చేతులూ ఒకేసారి ముందుకి వెళ్లాయి. ఏది ఎవరిదో తెలియలేదు, అడగలేదు. ఇసుక దులిపి, తడి చుట్టలు నోట్లో పెట్టుకున్నారు. కొస లోపలికి.

దగ్గరికొచ్చిన కుర్రది ఆశ్చర్యంగా చూసింది. అల మీద పడినా ఆరలేదేటి అత్తా అని అడిగింది.

నారాయణమ్మ పెదవి కొసనుంచి ఉఫ్ అని ఊదింది. పెద్దతల్లి కూడా ఊదింది.